కేస్ స్టడీ: అడ్మిషన్లు తగ్గాయని పిలిచారు, చిల్లు ఐదో తరగతి దగ్గర దొరికింది

ఈ కేసు రాయడానికి ఆ స్కూలు యాజమాన్యం ఒప్పుకుంది. ప్రిన్సిపాల్ గారు ఒకసారి చదివి రెండు చోట్ల నన్ను సరిదిద్దారు కూడా. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, అంకెలు కాస్త అటూ ఇటూ మార్చాను, నిష్పత్తులు మాత్రం అలాగే ఉంచాను. నేను కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత విద్యాసంస్థలకు మార్కెటింగ్ సలహాలిచ్చే పనిలోకి వచ్చినవాణ్ణి. ఈ కేసులో మొదటి ఏడాది దాదాపు అంతా నా తప్పులే.

ఎలా మొదలైంది

పాతికేళ్లు దాటిన స్కూలు. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఆరువందల చిల్లర పిల్లలు. పేరు మంచిదే, టీచర్లలో సగం మంది పదేళ్లకు పైగా అక్కడే ఉన్నవాళ్లు. ప్రిన్సిపాల్ గారు అదే స్కూల్లో లెక్కల టీచరుగా చేరి పైకొచ్చిన మనిషి. మార్కెటింగ్ అనే మాట వింటేనే ఆవిడ ముఖం చిట్లించేవారు, మనం ఏమైనా అమ్ముకుంటున్నామా అన్నట్టు. కమిటీకి ఆ మొహమాటం లేదు. దగ్గర్లో కొత్త స్కూలొకటి వచ్చింది, పెద్ద భవనం, పెద్ద ప్రచారం. ఇక్కడేమో మూడేళ్లుగా పిల్లల సంఖ్య తగ్గుతూ వస్తోంది.

మొదటి మీటింగులో చైర్మన్ గారు నా ముందు ఒక కాగితం పెట్టారు. కొత్త లోగో, కొత్త వెబ్‌సైటు, ఒక వీడియో, సోషల్ మీడియాలో ప్రకటనలు, రోబోటిక్స్ ల్యాబు. "వాళ్ల దగ్గర ఉన్నవన్నీ మన దగ్గరా ఉన్నాయని జనానికి తెలియాలండీ, అంతే" అన్నారు.

అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీలు ఇచ్చిన పుస్తకం ఒకసారి చూపించమని అడిగాను. ఆఫీసులో వెతికిస్తామన్నారు. అడ్మిషన్ల సీజనుకు ఎనిమిది వారాలే ఉంది. అవి దొరికేదాకా ఆగుదామా, ప్రచారం మొదలుపెడదామా అని ఆలోచించి రెండోదే ఎంచుకున్నాను. సీజను పోతే ఏడాది పోతుంది, ముందు నాలుగు అడ్మిషన్లు తెచ్చి చూపిస్తే కమిటీకి నా మీద నమ్మకం కుదురుతుంది, లోపలి సంగతులు అప్పుడు మాట్లాడొచ్చు అనుకున్నాను. ఇది వినడానికి తెలివైన ప్లానులాగే ఉంటుంది. నిజానికి రోగి వచ్చి ఫలానా మందు కావాలంటే నాడి కూడా చూడకుండా అదే రాసిచ్చినట్టయింది.

మొదటి సీజను

ప్రచారం మొత్తం "ఇన్నోవేషన్" చుట్టూ తిప్పాం. రోబోటిక్స్, కోడింగ్, ట్యాబులు, గోడకు పెద్ద తెర. ఎంక్వయిరీలు అంతకు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపయ్యాయి, కమిటీ సంబరపడింది, నేనూ పడ్డాను. సీజను ముగిశాక చూస్తే చేరినవాళ్ల సంఖ్య ఇంచుమించు ఎప్పటిలాగే ఉంది. అంటే స్కూలు చూడటానికి వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లు చాలా పెరిగారన్నమాట.

ఎందుకు వెళ్లిపోతున్నారో ఒక రోజు నా కళ్లతోనే చూశాను. భార్యాభర్తలు వచ్చారు, వాళ్ల అబ్బాయి నాలుగో తరగతి. ల్యాబు చూడాలన్నారు. తాళం వేసి ఉంది. తాళంచెవి ఫిజిక్స్ సార్ దగ్గర ఉంది, ఆయన క్లాసులో ఉన్నారు. పదిహేను నిమిషాలు వరండాలో నిలబడ్డాక తాళం తీశారు. లోపల ఆరు బల్లల మీద కిట్లు వరసగా పెట్టి ఉన్నాయి, ఒక్కో పెట్టె మీదా ప్లాస్టిక్ కవరు బిగుతుగా అలాగే ఉంది. ఆవిడ ఒక పెట్టె మీద వేలితో గీత గీసింది. దుమ్ములో గీత తెల్లగా పడింది. "ఇంకా విప్పలేదాండీ?" అని అడిగింది. "వచ్చే నెల మొదలుపెడుతున్నాం మేడం" అన్నారు ఫిజిక్స్ సార్. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మర్యాదగా థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు, మళ్లీ ఫోన్ కూడా చేయలేదు.

అదే వారంలో స్టాఫ్ రూములో నాలుగో తరగతి టీచరు నాతో, నవ్వుతూనే, "మన స్కూల్లో కోడింగ్ చెబుతున్నామని మా పక్కింటావిడ చెబితే తెలిసింది సార్ నాకు" అన్నారు. ఆ నవ్వులో ఉన్న చురక నాకు తగలాల్సిన చోటే తగిలింది. మేం బయట జనానికి ఇచ్చిన మాట, దాన్ని నిలబెట్టాల్సిన మనుషులకే తెలియదు.

కొత్త యంత్రం వస్తే బడి మారిపోతుందన్న ఆశ ఇవాళ్టిది కాదు. 1913లో ఎడిసన్ సినిమా రీళ్లను చూసి, ఇక బడుల్లో పుస్తకాలతో పని ఉండదని, పదేళ్లలో బడి పూర్తిగా మారిపోతుందని చెప్పాడు. అది తెలిసి కూడా నేను కవరు విప్పని కిట్లతో సీజను నడిపించాను.

ల్యాబు తాళం కథ కన్నా ముఖ్యమైనది ఇంకోటుంది, అది నాకు ఆలస్యంగా వెలిగింది. 1970లో ఫిలిప్ నెల్సన్ అనే ఆర్థికవేత్త కొనే వస్తువుల్ని రెండు రకాలుగా విడదీశాడు, కొనకముందే చూసి తేల్చుకోగలిగేవి, వాడితే గానీ తెలియనివి అని. 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్ని కలిసి మూడో రకాన్ని చేర్చారు, వాడిన తర్వాత కూడా బాగుందో లేదో కొన్నవాళ్లు సొంతంగా తేల్చుకోలేనివి. డాక్టరు చేసే వైద్యం, మెకానిక్ చేసే రిపేరు అలాంటివి. చదువు కూడా చాలావరకు అంతే. పిల్లవాడికి వచ్చిన చదువులో స్కూలు వాటా ఎంత, ఇంటి వాటా ఎంత, వాడి సొంత తెలివి ఎంత అన్నది తల్లిదండ్రులు ఎప్పటికీ విడదీసి చూడలేరు. చూడలేరు కాబట్టి కంటికి కనబడేవాటిని పట్టుకుంటారు, భవనం, యూనిఫాం, మార్కులు, ల్యాబు. ఆ కనబడేదాంట్లో ఒక్కటి అబద్ధమని తేలితే మాత్రం, కనబడనిదంతా అబద్ధమే అనుకుంటారు. ఆ ఆవిడ వేలితో గీసింది పెట్టె మీదే అయినా, ఆవిడ తేల్చుకున్నది మొత్తం స్కూలు గురించి.

యాప్ సంగతి

సీజను తర్వాత కమిటీ అసహనంగా ఉంది. మాట నిలబెట్టుకోవాలంటే టీచర్లను తయారుచేయాలి కదా అని నేను రెండో తప్పు చేశాను. టీచర్లందరికీ ప్రాజెక్టు పద్ధతిలో బోధన మీద రెండు రోజుల శిక్షణ, దాంతోపాటు తల్లిదండ్రులకు ఒక మొబైల్ యాప్. హోంవర్కు, హాజరు, ఫొటోలు అన్నీ అందులో. అందరికీ ఒకేసారి పెడదామన్నది నేనే. కొందరితో మొదలుపెడితే మిగతావాళ్లు "అది వాళ్ల పని" అని తప్పించుకుంటారని నా భయం.

జరిగింది వేరు. శిక్షణ ముగిసిన వారానికి అంతా మామూలే. యాప్ వల్ల టీచర్లకు పని రెట్టింపైంది, ఎందుకంటే పాత రిజిస్టరు రాయడం ఎవరూ ఆపమనలేదు. తల్లిదండ్రులకు రోజుకు పది పన్నెండు మెసేజులు వచ్చేవి, చాలామంది దాని శబ్దం ఆపేసుకున్నారు. దాంతో పరీక్ష తేదీ మారిన మెసేజు కూడా చూడక ఒక తరగతిలో సగం మంది తప్పుడు సబ్జెక్టు చదువుకుని వచ్చారు. ఆ రోజు ఆఫీసు ఫోను మోగుతూనే ఉంది.

ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకుడు కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పాకుతాయో 1962 నుంచీ రాస్తూ వచ్చాడు. పాతదానికన్నా లాభం కనబడాలి, ఉన్న అలవాట్లతో పొసగాలి, మరీ చిక్కుగా ఉండకూడదు, చిన్నగా చేసి చూసుకునే వీలుండాలి, ఫలితం పక్కవాళ్ల కంట పడాలి. ఈ ఐదూ నేను శిక్షణల్లో ఎన్నోసార్లు బోర్డు మీద రాసి చెప్పినవే. మా యాప్ ఆ ఐదింట్లోనూ తప్పింది.

మూడు నెలలకు దాన్ని ఆపేశాం. ఆపడం తేలికగా జరగలేదు. డబ్బు పెట్టేశాం కదా, ఇంకో ఆరు నెలలు చూద్దాం అన్నారు కమిటీలో ఒకరు. ప్రిన్సిపాల్ గారు అంతవరకు మీటింగుల్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆ రోజు మాత్రం లేచి, "పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు సార్. నా టీచర్ల సాయంత్రాలు మాత్రం ఇవాళ ఆపితే రేపటి నుంచి తిరిగొస్తాయి" అన్నారు. నేను రాసుకెళ్లిన రిపోర్టు అక్కర్లేకుండానే పని జరిగిపోయింది. ఈ కేసులో అసలు మలుపు నా దృష్టిలో అదే, టీచర్లు ఆవిణ్ణి చూసే తీరు ఆ వారం నుంచే మారింది.

రిజిస్టర్లు తెరిచాక

అప్పటికి గానీ నేను రిజిస్టర్ల ముందు కూర్చోలేదు. రెండు రోజులు ఆఫీసు గదిలో ఒక మూల బల్ల వేసుకుని, ఐదేళ్ల అడ్మిషన్లు, టీసీలు చేత్తో లెక్కపెట్టాను. నర్సరీలో చేరేవాళ్లు కొంచెం తగ్గారు, భయపడేంత కాదు. కానీ ఐదో తరగతి పూర్తిచేసిన ప్రతి 60 మందిలో ఇంచుమించు 20 మంది ఆరో తరగతిలో కనబడటం లేదు. ఏటా ఆరో తరగతిలో కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఆఫీసు నానా తంటాలు పడుతోంది కాబట్టి అందరూ దాన్ని "అడ్మిషన్ల సమస్య" అంటున్నారు. ఏడాదికి 20 మంది చొప్పున పోతే, ఆరు నుంచి పది దాకా ఐదు తరగతుల్లో కలిపి 100 సీట్లు ఖాళీ. నేను మొదటి సీజను మొత్తం చిల్లికుండలో నీళ్లు పోశాను.

వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడాలి. స్కూలు నుంచి ఫోన్ చేస్తే మొహమాటానికి ఏదో చెబుతారు కాబట్టి, ప్రిన్సిపాల్ గారి అనుమతితో నేనే చేశాను, మాట్లాడటం ఇష్టం లేకపోతే అక్కడితో వదిలేస్తానని ముందే చెప్పి. "ఎందుకు మార్చారు" అని అడగలేదు. దానికి అందరి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, దూరమనో, ఇల్లు మారామనో. "స్కూలు మారిస్తే బాగుంటుందేమో అని మీకు మొదటిసారి అనిపించిన రోజు గుర్తుందా?" అని అడిగాను. రోజు గురించి అడిగితే మనుషులు నిజంగా గుర్తు తెచ్చుకుంటారు, సిద్ధంగా ఉన్న జవాబు అక్కడ పనికిరాదు.

ఒకాయన చెప్పింది అక్షరం పొల్లు పోకుండా రాసుకున్నాను. "మా వాడికి సైన్సులో 80 వచ్చింది. మిగతా 20 ఏమైందని అడిగితే సైన్సు టీచరు క్లాస్ టీచర్ని అడగమన్నారు, క్లాస్ టీచరు సైన్సు టీచర్ని అడగమన్నారు. 80 అంటే ఏంటో నాకు ఆ రోజు దాకా తెలుసనుకున్నా సార్." ఇంకొకావిడ మాట వేరే, విషయం అదే. నాలుగో తరగతి దాకా ఒకే టీచరు, గేటు దగ్గర రోజూ కనబడి "ఇవాళ బాగా చదివాడమ్మా" అనేవారు. ఐదులోనే సబ్జెక్టు టీచర్లు మొదలవుతారు, ఆ పలకరింపు పోతుంది. బిడ్డ గురించి తెలిసిన మనిషి స్కూల్లో ఒక్కరూ లేరన్న భావన అక్కడ మొదలవుతుంది. రోబోలూ ట్యాబులూ ఒక్కరి నోట కూడా రాలేదు.

వెళ్లినవాళ్లనే వింటే సగం కథే తెలుస్తుంది. అందుకని ఉండిపోయినవాళ్లతోనూ అంతమందితోనే మాట్లాడాను. ఇది ముందు నాకు తోచలేదు, ప్రిన్సిపాల్ గారు చెప్పారు. "లెక్కల్లో అయితే ఒక్క సమీకరణంతో రెండు తెలియని రాశులు కనుక్కోలేం కదండీ." అలా మాట్లాడుతుంటే ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రుల్లో నలుగురు ఒకే టీచరు ప్రస్తావన తెచ్చారు. సోషల్ చెప్పే మేడం.

ఏడో తరగతి మేడం నోటుబుక్కులు

ఆవిడ క్లాసులో ఒక నియమం ఉంది. రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన మళ్లీ రాయాలి, మొదట రాసిన కాగితాన్ని చింపకుండా ఆఖరుగా రాసినదాని వెనక పిన్ను కొట్టాలి. ఏడేళ్లుగా అలా చేయిస్తున్నారట. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే, "ఎవరూ అడగలేదండీ. పైగా నోటుబుక్కులు నీట్‌గా లేవని ఇన్‌స్పెక్షన్‌లో రెండుసార్లు అన్నారు కూడా" అన్నారు.

1990 ప్రాంతంలో వియత్నాంలో స్టెర్నిన్ దంపతులు పిల్లల పోషకాహార లోపం మీద పనిచేస్తూ, బయటి నుంచి పరిష్కారం మోసుకెళ్లే బదులు, అదే ఊళ్లో, అదే పేదరికంలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఇళ్లల్లో ఏం వేరుగా చేస్తున్నారో వెతికారు. దాన్నే పాజిటివ్ డీవియన్స్ అంటారు. స్కూళ్లకు ఈ పద్ధతి చాలా బాగా నప్పుతుందని నా నమ్మకం, ఎందుకంటే టీచరు బయటి నిపుణుణ్ణి నమ్మకపోవచ్చు గానీ పక్క క్లాసు టీచర్ని కొట్టిపారేయలేరు. అదే పిల్లలు, అదే సిలబస్, అదే పీరియడు.

ఆ నోటుబుక్కుల నుంచి మేం చేసిన మార్పు చిన్నది. టర్ముకు ఒకసారి, ఇరవై నిమిషాలు, పిల్లలే తమ తల్లిదండ్రులకు తమ పని చూపించాలి. మూడు చూపించాలి, బాగా వచ్చినది ఒకటి, తప్పు చేసి దిద్దుకున్నది ఒకటి, ఇంకా రానిది ఒకటి. క్లాస్ టీచరు అదే గదిలో ఉంటారు కానీ మాట్లాడరు. ఇదేమీ మేం కనిపెట్టింది కాదు, చాలా చోట్ల చేస్తున్నదే.

ఈసారి అందరితో మొదలుపెట్టలేదు. యాప్ దెబ్బ గుర్తుంది. ఐదు, ఆరు తరగతుల్లో రెండేసి సెక్షన్లుంటే, ఒక్కో తరగతిలో ఒక్కో సెక్షన్, ముందుకొచ్చిన ముగ్గురు టీచర్లు, వాళ్లకు తోడు సోషల్ మేడం. ఫిజిక్స్ సార్ గట్టిగా అడ్డుచెప్పారు. "పిల్లవాడే నాకిది రాదు అని తండ్రి ముందు చెబితే, ఆయన నన్నే కదా అడిగేది, మీరేం చెబుతున్నారని?" మీటింగులో ఒకరిద్దరు దీన్ని పాతకాలపు ఆలోచన అని తీసిపారేయబోయారు. నాకు మాత్రం అది న్యాయమైన భయమే అనిపించింది. ప్రిన్సిపాల్ గారు దారి చెప్పారు. "ఇంకా రానిది" పేజీ కింద టీచరు ఒక్క వాక్యం రాస్తారు, దాని కోసం రాబోయే నెలలో తాను ఏం చేస్తున్నదీ. దాంతో ఆ పేజీ నేరం ఒప్పుకున్నట్టు కాకుండా ఇద్దరూ కలిసి వేసుకున్న ప్లానులా మారింది. ఫిజిక్స్ సార్ మొదటి విడతలో చేరలేదు, రెండో విడతలో వచ్చారు.

సమయం ఎక్కడిది అన్నది ఇంకో ప్రశ్న. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీసేయాల్సిందే. ప్రోగ్రెస్ కార్డులో ప్రతి సబ్జెక్టుకూ రాసే రిమార్కులు తీసేశాం, "గుడ్, కీప్ ఇట్ అప్" అని వందసార్లు రాసేవి. ఎవరూ వాటి కోసం వెతుక్కోలేదు.

మొదటి టర్ములో నేను చూసిన ఒక ఇరవై నిమిషాలు చెబుతాను. ఆరో తరగతి అమ్మాయి. గ్రౌండులో కర్ర పాతి గంట గంటకూ నీడ కొలిచి గ్రాఫు గీసే పని. పైన ఉన్న కాగితంలో అతి పొట్టి నీడ పన్నెండు దాటి ఇరవై నిమిషాలకు పడింది. వెనక పిన్ను కొట్టిన మొదటి కాగితంలో మాత్రం సరిగ్గా పన్నెండుకు ఉంది. వాళ్ల నాన్న రెండూ తిప్పి తిప్పి చూసి, "ఇందులో ఏది రైటు?" అన్నారు. "పైది. ముందు పన్నెండుకే అవ్వాలనుకుని రాసేశాను నాన్నా. తర్వాత మధ్యలో ఐదు నిమిషాలకోసారి కొలిస్తే కాలేదు." "మరి పన్నెండుకే కదా సూర్యుడు నడినెత్తిన ఉండేది?" "గడియారం పన్నెండు వేరే, సూర్యుడి పన్నెండు వేరేనంట. ఎందుకో నాకు ఇంకా సరిగ్గా రాలేదు, అదే నా మూడోది." ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఫొటో తీసుకున్నారు. బాగున్న గ్రాఫును వదిలేసి, వెనకున్న తప్పు కాగితాన్ని తీసుకున్నారు.

బయటికి ఏం చెప్పాలి

రెండో సీజను వచ్చేసరికి ప్రకటనల ఖర్చు చాలావరకు ఆపేశాం. దీని మీద చైర్మన్ గారికీ నాకూ వాదన నడిచింది. ఎదుటివాళ్లు హోర్డింగులు పెడుతుంటే మనం ఊరుకుంటే ఎలా అని ఆయన. హోర్డింగు చూసి వచ్చినవాళ్లు చూసేదేంటో ముందు తేల్చుకుందాం అని నేను. చివరికి ఒక నియమం మీద రాజీపడ్డాం. స్కూలు చూడటానికి వచ్చినవాళ్లకు అదే రోజు, ముందు చెప్పకుండా వచ్చినా సరే, చూపించలేనిది ఏదీ కరపత్రంలో రాయకూడదు. రోబోటిక్స్ పోయింది, "ప్రపంచ స్థాయి" పోయింది. మిగిలినవాటిలో మొదటిది, "మీ అబ్బాయికి ఏది వచ్చు, ఏది రాదు అన్నది మీ అబ్బాయే మీకు చెబుతాడు."

స్కూలు చూడటం పని ఉన్న రోజుల్లోనే, క్లాసులు జరుగుతుండగా. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరు తిప్పి చూపిస్తారు, వెంట ఒక టీచరు ఉంటారు. పిల్లల పేర్లు కప్పేసిన నోటుబుక్కు పేజీలు, ఇంట్లోవాళ్ల అనుమతితో, ఒక ఫైలులో పెట్టి ఆఫీసు బల్ల మీద ఉంచాం. పిల్లల ముఖాలున్న ఫొటోలు అస్సలు వాడలేదు.

మార్కెటింగ్‌లో వస్తువు, ధర, చోటు, ప్రచారం అనే నాలుగింటికి 1981లో బూమ్స్, బిట్నర్ అనే ఇద్దరు పరిశోధకులు సేవల కోసం ఇంకో మూడు చేర్చారు, మనుషులు, పని జరిగే తీరు, కంటికి కనబడే సాక్ష్యం. స్కూళ్ల విషయంలో ఈ చివరి మూడే ముందు రావాలని నేనంటాను. మా కేసులో "మనుషులు" అంటే అన్నిటికన్నా ముందు ఆఫీసులో ఫోన్ ఎత్తే ఆవిడ. అంతకు ముందు ఫీజెంత అని అడిగితే అంకె చెప్పి పెట్టేసేవారు. ఇప్పుడు అంకె చెబుతారు, దాచరు, ఆ వెంటనే "పాప ఏ క్లాసండీ, ఇప్పుడు చదువుతున్నచోట ఏం ఇబ్బందిగా ఉంది?" అని అడుగుతారు. జవాబు ఒక పుస్తకంలో రాసిపెడతారు. ఆ పుస్తకం చదివితే తల్లిదండ్రుల మనసులో ఏముందో నా సర్వేలన్నిటికన్నా బాగా అర్థమవుతుంది. ఒకసారైతే ఆవిడే ఒక తల్లితో, "మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీ బాబుకు ఇప్పుడున్న స్కూలే బాగుందనిపిస్తోందండీ" అన్నారు. చైర్మన్ గారికి తెలిసి గుండె ఆగినంత పనైంది. ఆ తల్లి తర్వాత తన చెల్లెలి కూతుర్ని తీసుకొచ్చి చేర్పించింది.

ఫలితం, దాని మీద నా అనుమానాలు

రెండేళ్లకు, ఐదో తరగతి తర్వాత వెళ్లిపోయేవాళ్లు 60 మందిలో 20 నుంచి 9కి తగ్గారు. ఎంక్వయిరీలు ప్రచారం చేసిన ఏడాదికన్నా తక్కువే, చేరినవాళ్లు ఎక్కువ. మొదటి ఏడాది ఐదో తరగతిలో ఈ పద్ధతి పెట్టిన సెక్షన్‌లో వెళ్లినవాళ్లు, పెట్టని సెక్షన్‌లో వెళ్లినవాళ్లలో సగమే.

ఇదంతా మా ఘనతే అనుకోవడానికి మాత్రం నాకు నోరు రాదు. అదే సమయంలో ఎదుటి స్కూలు ఫీజులు పెంచింది, దాని వాటా ఎంతో విడదీయలేను. ఒక సెక్షన్ అంటే ముప్పై మంది, ఇద్దరు ముగ్గురు అటూ ఇటూ అయితే శాతాలు తారుమారవుతాయి. పైగా ముందుకొచ్చిన టీచర్లు మామూలుగానే శ్రద్ధ ఉన్నవాళ్లు. మార్కులేమీ పెరగలేదు, పెరుగుతాయని మేం ఎవరికీ చెప్పలేదు కూడా.

నా పనిలో మాత్రం కొన్ని మారాయి. రిజిస్టర్లు చూపించేదాకా ఇప్పుడు ఏ స్కూలుకూ ప్రచారం గురించి మాట్లాడను, సీజను ముంచుకొస్తున్నా సరే, ఇందువల్ల రెండు కాంట్రాక్టులు పోయాయి. కొత్తగా ఏం తెద్దాం అని అడిగే ముందు, ఈ గోడల మధ్య ఇప్పటికే బాగా జరుగుతూ ఎవరికీ తెలియనిదేంటి అని వెతుకుతాను. టీచర్లకు చూపించకుండా ఏ ప్రకటనా బయటికి పంపను.

మళ్లీ చెడిన చోటు

మూడో ఏడాది ఈ పద్ధతి అన్ని సెక్షన్లకూ వెళ్లింది. కమిటీ ఉత్సాహంగా, ఏ సెక్షన్‌లో ఎంతమంది తల్లిదండ్రులు వచ్చారు, వాళ్లు ఎంత సంతృప్తి పడ్డారు అని లెక్కలు తీసి టీచర్ల పనితీరు మదింపులో చేర్చింది. నేను వద్దనలేదు. అనాల్సింది.

ఆ టర్ములో ఒక సెక్షన్‌లో కూర్చున్నాను. మొదటి పిల్లవాడి "తప్పు చేసి దిద్దుకున్నది" భాగహారం, మూడో వరుసలో సున్నా వేయడం మర్చిపోయాడు. బాగుంది. రెండో పిల్లదీ భాగహారమే, మూడో వరుసలో సున్నా. నాలుగో పిల్లవాడి దగ్గరా అదే లెక్క, అదే సున్నా, పైగా కొట్టేసిన గీత స్కేలు పెట్టి గీసి ఉంది. టీచరు బోర్డు మీద ఒక తప్పు రాసి అందరిచేతా చేయించి, అందరిచేతా దిద్దించారు. పిల్లలు గడగడా అప్పజెప్పారు. తల్లిదండ్రులు సంతోషంగానే వెళ్లారు.

ఆ టీచర్ని ప్రిన్సిపాల్ గారు పిలిచి కోప్పడతారేమో అనుకున్నాను. ఆవిడ అలా చేయలేదు, ఎందుకిలా అని అడిగారు. "నా క్లాసులో నిజం తప్పులు చూపిస్తే తల్లిదండ్రులు తక్కువ మార్కులేస్తారు, అది నా ఫైల్లోకి వెళ్తుంది మేడం" అన్నారట ఆ టీచరు. తప్పు ఎవరిదో ఆ ఒక్క మాటలో తేలిపోయింది. మదింపులోంచి ఆ లెక్క తీసేయడానికి కమిటీతో రెండు మీటింగులు పట్టింది. తీసేశారు, కానీ ఆ సెక్షన్‌లో నిజం పేజీలు కనబడటానికి మరో ఏడాది పట్టింది.

ఈ సీజను కరపత్రం ముసాయిదా నేను ఐదు వాక్యాలు రాసి పంపాను. ప్రిన్సిపాల్ గారు దాన్ని నేరుగా స్టాఫ్ రూముకు పంపారు. మర్నాడు తిరిగొచ్చింది. రెండు వాక్యాలు ఒక్కో గీతతో కొట్టేసి ఉన్నాయి, రబ్బరు వాడలేదు. పక్కన సోషల్ మేడం చేతిరాత, "ఇవి ఇంకా రాలేదు." మూడు వాక్యాలతోనే అచ్చుకు పంపాం.